ఎన్నికైన ప్రభుత్వ నిర్ణయం మీద విదేశీ కంపెనీ అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కి వెళ్లగలదా?

వెళ్లగలదు. రెండు దేశాల మధ్య పెట్టుబడుల ఒప్పందంలో అందుకు వీలుంటే చాలు. మన దగ్గరే చూడండి. విశాఖ మన్యంలోని జెర్రెల బాక్సైట్‌ను (అల్యూమినియం ఖనిజం) అన్‌రాక్ అల్యూమినియం కంపెనీకి సరఫరా చేస్తామని ఉమ్మడి రాష్ట్రంలో ఒప్పందం జరిగింది. మాకవరపాలెంలో రిఫైనరీ కూడా లేచింది. గిరిజనులు మాత్రం తవ్వకాలకు ససేమిరా అన్నారు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సరఫరా ఒప్పందాన్ని రద్దు చేసింది. అన్‌రాక్‌లో వాటా ఉన్న, యూఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ, భారత్-యూఏఈ పెట్టుబడుల ఒప్పందాన్ని చూపించి ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తుల తీర్పుకు వెళ్లింది. రద్దు చేసింది రాష్ట్రం, బోనెక్కింది కేంద్రం!

ఇలాంటి ట్రిబ్యునల్‌లో తీర్పు చెప్పేది మామూలుగా ముగ్గురు. చెరో పక్షం ఒకరిని ఎంచుకుంటుంది, మూడో మనిషి అధ్యక్షుడు. సాధారణ అప్పీలు ఉండదు. వాళ్లు చట్టాన్ని కొట్టేయరు, పరిహారం వేస్తారు. కట్టేది మన పన్నుల్లోంచే. ఆ కొండల్లో బతికేవాళ్లు ఇందులో కక్షిదారులే కారు. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

అలాగని కంపెనీల గోడు ఉత్తదేం కాదు. కోల్ ఇండియాతో తగాదాలో ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్ మన కోర్టుల్లో ఏళ్లతరబడి నలిగింది. 2011లో ట్రిబ్యునల్ ఆ జాప్యాన్నే తప్పుపట్టి భారత్‌పై తీర్పిచ్చింది. ఆ దెబ్బతో మనవాళ్లు పాత ఒప్పందాలు చాలావాటిని రద్దు చేసుకున్నారు. ట్రిబ్యునల్‌కి వెళ్లే ముందు ఐదేళ్లు స్థానిక కోర్టుల్లో తేల్చుకోవాలని, కొత్త ఒప్పందాల కోసం రాసుకున్న 2016 నమూనాలో షరతు పెట్టారు. యూఏఈతో 2024లో అమల్లోకొచ్చిన కొత్త ఒప్పందంలో ఆ గడువు మూడేళ్లకు తగ్గింది.