మా పాప డబ్బు మా చేతికెందుకు రాదు?

ప్రశ్న: మా పాపకి వినికిడి లోపం, సదరంలో 60 శాతం వచ్చింది. గవర్నమెంటు స్కూల్లో ఎనిమిది చదువుతోంది. ఇలాంటి పిల్లలకి ఏటా 3,500 రూపాయలు వస్తాయట కదా, మాకు ఒక్క రూపాయీ రాలేదు. ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: ఆ 3,500 మీ చేతికిచ్చే డబ్బు కాదమ్మా. సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ఒక్కో బిడ్డకి ఏడాదికి అంత అని లెక్కగట్టి వినికిడి యంత్రాలు, ప్రత్యేక పుస్తకాలు, థెరపీ లాంటివాటికి ఖర్చు పెడతారు, కాబట్టి డబ్బేదని కాకుండా పాపకి మిషన్ ఇచ్చారా, స్పెషల్ టీచర్ వస్తున్నారా అని మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో అడగండి. గట్టిగానే అడగండి. ఈ ధరలకి 3,500 ఏ మూలకొస్తుందనేది వేరే గొడవ.

ఇలాంటి లోపమున్న ఆడపిల్లలకి మాత్రం నెలకి 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. అది బ్యాంకు ఖాతాలోనే పడాలి, పడకపోతే హెచ్‌ఎంని అడగండి.

అసలు మీరు చూసుకోవాల్సింది వచ్చే ఏడాది సంగతి. తొమ్మిది, పది తరగతులకి కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తుంది, వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి, అమ్మానాన్నల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆదాయ సర్టిఫికెట్ ఇప్పుడే తీసిపెట్టుకోండి, ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో కూడా చూసుకోండి, చాలామందికి డబ్బు ఆగిపోయేది అక్కడే. స్కూలు వాళ్లు ఆన్‌లైన్‌లో వెరిఫై చేయకపోతే అప్లికేషన్ ముందుకి కదలదు, గడువు తేదీ లోపల వాళ్లని కదిలించండి.