పరవాడలో ఉద్యోగం, ఇల్లు ఎక్కడ?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలోని ఒక మండల కేంద్రం. ఇన్నాళ్లూ ఊళ్లోనే ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. ఈ మధ్య విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మాసిటీలోని ఒక కంపెనీలో మెయింటెనెన్స్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. మూడు షిఫ్టుల డ్యూటీ. జీతం 20,500 రూపాయలు. కోతలు పోను చేతికి సుమారు 18,500 వస్తుంది. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టి నెలకు నాలుగు వేల వరకు సంపాదించేది. బాబు జూన్‌లో రెండో తరగతికి వెళ్తాడు, పాపకు మూడేళ్లు నిండాయి. మా అమ్మకు ఆయాసం ఉంది; ఆవిడా మాతోనే వస్తుంది. అద్దెకు 6,000 మించి పెట్టలేను. మధురవాడలో ఉండే మా బావగారు తమ వీధిలోనే ఇల్లు చూస్తామంటున్నారు, బైపాస్ రోడ్డు మీద గంటలో డ్యూటీకి చేరుకోవచ్చని ఆయన వాదన. తోటి ఉద్యోగులు గాజువాక అంటున్నారు. పరవాడలోనే ఉంటే ప్రయాణ ఖర్చు ఉండదు కదా అని నాకనిపిస్తోంది. ఎక్కడ దిగమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మీ ఇంట్లో ఐదుగురు ఉన్నారు. వారిలో రోజూ ఫార్మాసిటీకి వెళ్లేది మీరొక్కరే. మిగిలిన నలుగురూ పగలూ రాత్రీ ఆ వీధి గాలే పీల్చాలి, ఆ కుళాయి నీళ్లే తాగాలి, ఆ దగ్గరలోని బడికే వెళ్లాలి. అందువల్ల ఇల్లు డ్యూటీకి ఎంత దూరమన్నది రెండో ప్రశ్న. మీరు నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లకు అవసరమైనవి నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతాయా అన్నది మొదటి ప్రశ్న. ఈ రెండూ కలిపి చూస్తే నేను అనకాపల్లి అంటాను, అది కుదరకపోతే కూర్మన్నపాలెం–దువ్వాడ వైపు. మీరు చెప్పిన మూడు చోట్లూ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి.

పరవాడ మాట ముందుగా తేల్చేద్దాం. ఆయాసం ఉన్న మనిషిని వెంటబెట్టుకుని రసాయన పరిశ్రమల ఒడ్డున కాపురం పెట్టకండి. ఫార్మాసిటీని ఆనుకుని ఉన్న తాడి గ్రామస్థులే తమను వేరేచోటికి తరలించమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. సొంత ఇళ్లు ఉన్నవాళ్లు వదిలిపోతామంటున్న చోటికి మీరు అద్దె కట్టి మరీ వెళ్లడం ఎందుకు? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తవలసి వచ్చింది, పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఫ్యాక్టరీ గోడకూ పడకగదికీ మధ్య కొంత దూరం ఉండాలన్న జాగ్రత్త ఈ నగరం అనుభవం మీద నేర్చుకున్నది.

ఇక మధురవాడ. బావగారి అభిమానాన్ని తోసిపుచ్చమని అనను. కొత్త ఊళ్లో అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి ఉండటం తక్కువ విషయం కాదు. ఆయన చెప్పిన రోడ్డు మాట కూడా అబద్ధం కాదు. మధురవాడకు దగ్గరలోని ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు ఉంది, దాని మీద నగరం ట్రాఫిక్ తప్పుతుంది. ట్రాఫిక్ తప్పినా కిలోమీటర్లు తప్పవు. ఏ దారిన వెళ్లినా ఒకవైపు నలభై కిలోమీటర్లు దాటుతుంది. రానూ పోనూ ఎనభై చొప్పున ఇరవై ఆరు రోజులకు రెండు వేల ఎనభై కిలోమీటర్లు. బండి లీటరుకు యాభై ఇస్తుందనుకున్నా నలభై లీటర్ల పైమాట; లీటరు 110 రూపాయల లెక్కన చూస్తే నాలుగున్నర వేలు పెట్రోలుకే పోతుంది. అంటే ఆరు వేల అద్దె ఇల్లు మీకు నెలకు పదిన్నర వేలకు పడుతుంది. టైర్లు, సర్వీసింగు ఇందులో కలపనేలేదు. పైగా బీ షిఫ్టు, అంటే మధ్యాహ్నం షిఫ్టు, దిగేది రాత్రి పదింటికి. ఆ షిఫ్టు ఉన్న వారాల్లో పిల్లలు మిమ్మల్ని ఆదివారాలు మాత్రమే మెలకువగా చూస్తారు. పది గంటల తర్వాత లారీల మధ్య నలభై కిలోమీటర్లు బండి నడపడం గురించి మీ ఆవిడను అడగండి, ఆవిడ నాకంటే తక్కువ మాటల్లో జవాబు చెబుతుంది. ఇవి చాలవన్నట్టు ఐటీ కంపెనీల వల్ల ఆ వైపు అద్దెలు ముందే ఎక్కువ. 2025 అక్టోబరులో గూగుల్ డేటా కేంద్రం ఒప్పందం కుదిరాక ఆనందపురం చుట్టుపక్కల ఇళ్ల యజమానుల ఆశలు కూడా పెరిగాయి. మీ ఆరు వేలకు అక్కడ మంచి పోర్షన్ దొరకడం కష్టమే.

గాజువాక మీద నాకు చిన్నచూపు లేదు. కూరగాయల దగ్గర్నుంచి పుస్తకాల షాపు వరకు అన్నీ అక్కడే దొరుకుతాయి, అన్ని వైపులకూ బస్సులుంటాయి, ఫార్మాసిటీ కంపెనీల బస్సులు చాలా వరకు అటే తిరుగుతాయి. ఇబ్బందల్లా గాలితోనే. స్టీలు ప్లాంటు ఒకవైపు, మల్కాపురం రిఫైనరీ మరోవైపు, పోర్టు బొగ్గు ఇంకోవైపు. పోర్టు పక్కనున్న వన్‌టౌన్‌లో రాత్రి డాబా మీద ఆరేసిన తెల్ల పంచెను తెల్లారి దులిపితే నల్లటి పొడి రాలడం నేను కళ్లారా చూశాను. గాజువాకలో అన్ని వీధులూ అలా ఉండవు, కానీ మీ అమ్మగారి కోసం ఆ పంచె పరీక్ష మీరూ చేయండి. చూడబోయే ఇంటి డాబా మీద తెల్లటి గుడ్డ ఒకటి రాత్రంతా ఉంచమని ఇంటివాళ్లను అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కూర్మన్నపాలెం, దువ్వాడ వైపు కొంత ఖాళీ, చెట్లు ఉన్న కాలనీలు ఉన్నాయి. దువ్వాడ స్టేషన్ ఉండటం మీ ఊరి ప్రయాణాలకు కూడా కలిసొస్తుంది.

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లాకు కేంద్రమైంది గానీ, పట్టణం మాత్రం ఇప్పటికీ విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోనే ఉంది. అక్కడి నుంచి హైవే మీద లంకెలపాలెం జంక్షన్‌కు వచ్చి తిరిగితే ఫార్మాసిటీ. మొత్తం సుమారు ఇరవై కిలోమీటర్లు. సొంత బండి మీదైనా నెలకు రెండు వేల మూడు వందల దగ్గర ఆగుతుంది, కంపెనీ బస్సు ఉంటే అదీ ఉండదు. బస్సు ఏయే స్టాపుల్లో ఆగుతుందో, ముఖ్యంగా సీ షిఫ్టుకు, అంటే నైట్ డ్యూటీకి కూడా తిరుగుతుందో లేదో హెచ్.ఆర్. వాళ్లను అడిగి తెలుసుకున్న తర్వాతే ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. బెల్లం మార్కెట్ ఉన్న పాత వర్తక పట్టణం కాబట్టి బడులు, మందుల షాపులు, సంత అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. జిల్లా ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. ఆయాసం ముదిరినప్పుడు చినవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక అమ్మగారికీ, వెంట వెళ్లే మీ ఆవిడకూ ఛార్జీల బెంగ ఉండదు.

మీ ఆవిడ కుట్టుపని గురించి ఒక మాట. ఊళ్లో వచ్చే నాలుగు వేలను కొత్త ఊళ్లో మొదటి ఆరు నెలల బడ్జెట్లో వేసుకోకండి. జాకెట్ ఇచ్చేవాళ్లు మొదట ఒక పాత చీర అంచు కుట్టించుకుని చూస్తారు, తర్వాత వాళ్ల తోడికోడలిని పంపిస్తారు. ఆ వరస సాగడానికి టైం పడుతుంది. అనకాపల్లిలో కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర పెద్దది. ఆ నెలలోనూ దసరా, సంక్రాంతులకూ చేతినిండా పని దొరకవచ్చు. అందుకని ఊరి చివర అద్దె వెయ్యి తగ్గిందని వెళ్లకుండా, ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే వీధిలో ఇల్లు తీసుకోండి. మెషీన్ పెట్టుకోవడానికి వీధి వైపు కిటికీ ఉంటే ఇంకా మంచిది.

ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి, ఆ వేళకు అన్ని ఇళ్లూ బాగానే కనిపిస్తాయి. తెల్లవారి కుళాయి వచ్చే వేళకు వెళ్లండి. నీళ్లు ఎంతసేపు వస్తాయో ఇంటివాళ్ల మాట కంటే పక్క పోర్షన్ బిందెల వరస నిజం చెబుతుంది. వాడకానికి బోరు నీళ్లే అంటే, ఎదురింటి వాళ్లతో మాట కలిపి వాళ్ల కుక్కరు అడుగు ఒకసారి చూడండి. గోకినా పోని తెల్లటి పొర కట్టి ఉంటే తాగడానికీ వంటకీ టిన్నులు కొనుక్కోవలసిందే, రోజుకు ఇరవై రూపాయల టిన్ను ఒకటనుకున్నా నెలకు ఆరు వందలు అద్దెకు కలిసినట్టే. కరెంటు మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉందా, లేక రెండు మూడు వాటాలకు ఒకటేనా అన్నది అడిగి మరీ చూడండి. ఒకటే మీటరైతే అందరి యూనిట్లూ కలిసి పై స్లాబులో పడతాయి, తక్కువ వాడిన మీరు కూడా ఎక్కువ రేటు కట్టాలి. సముద్రం దగ్గర ఇల్లు దొరికిందని ఎవరైనా ఆశపెడితే నా సంగతి గుర్తుంచుకోండి. ఒకప్పుడు గాలి కోసమని పెదవాల్తేరులో ఇల్లు తీసుకున్నాను. రెండేళ్లలో కిటికీ ఊచలు వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలాయి, ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన ఆ ఖర్చు నా అడ్వాన్సులోంచే కోసుకున్నాడు.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకు రాస్తారు.  అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసినప్పుడు అందులో రంగులకు ఎంత పట్టుకుంటారు, ఏడాది తర్వాత అద్దె ఎంత పెంచుతారు అన్న మూడు మాటలూ కాగితం మీద ఉండాలి. సామాను దించిన రోజు గోడలు, తలుపులు ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంటివాళ్లకు కూడా పంపించండి.

మీ జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది. మీ మీద ఆధారపడిన అమ్మగారి పేరు కుటుంబ వివరాల్లో మొదటి రోజే చేర్పించండి, ఇంటికి దగ్గరైన డిస్పెన్సరీని ఎంచుకోండి. పెద్ద వైద్యానికి మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. చాలామంది ఈ పని వాయిదా వేసి, ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు కాగితాల కోసం తిరుగుతారు.

మీరు ముందు ఒంటరిగా వెళ్లి నెల రోజులు గదిలో ఉండండి. మూడు షిఫ్టులూ ఒక్కో విడత చేశాక ఏ దూరం భరించగలరో మీ ఒంటికే తెలుస్తుంది. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఏప్రిల్ ఆఖరులో బాబు టీసీ, పిల్లల ఆధార్ కార్డులు సిద్ధం చేసుకుని, మే నెలలో ఇల్లు మారితే బడి చేర్పింపు, పాపకు అంగన్‌వాడీ రెండూ ఇబ్బంది లేకుండా అవుతాయి. బావగారికి మాత్రం వెళ్లి నోటితోనే చెప్పండి. ఆ పెట్రోలు లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆయనకూ కోపం రాదు.

ప్రశ్న: మేము గోపాలపట్నంలో అద్దెకు ఉంటున్నాము. ఎన్నాళ్లు అద్దె కడతారని, వేపగుంటలో వంద గజాల పాత ఇల్లు చాలా తక్కువకు వస్తోందని తెలిసినవారు చెబుతున్నారు. అమ్మేవారు అగ్రిమెంటు రాసి ఇస్తారట. తీసుకోవచ్చా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

సమాధానం: ధర ఎందుకు తక్కువో ముందు తెలుసుకోండమ్మా. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి, ఈ ఐదింటినీ కలిపి పంచగ్రామాలంటారు. అక్కడి భూముల మీద సింహాచలం దేవస్థానానికీ నివాసులకూ మధ్య దశాబ్దాలుగా వివాదం నడుస్తోంది. ఆ ఐదు గ్రామాల్లోని ప్రతి ఇల్లూ ఇందులో లేకపోవచ్చు, కానీ మీకు చూపించిన ఇల్లు ఉందో లేదో సర్వే నంబరు చెబుతుంది. ఆ నంబరు తీసుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి, అది నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏ లో, ఉందా అని అడగండి. ఆ ఆస్తి మీద జరిగిన పాత లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ కూడా తీయించండి. అమ్మేవారు రిజిస్ట్రేషన్ మాట ఎత్తకుండా ఉత్తి అగ్రిమెంటు రాస్తామనడమే మీరు గమనించవలసిన గుర్తు. అలాంటి కాగితం మీద బ్యాంకు అప్పు ఇవ్వదు, రేపు మీరు అమ్ముదామన్నా మీలాగే తక్కువకు వస్తుందని ఆశపడేవారే దొరకాలి. జాబితాలో ఆ నంబరు ఉంటే బయానా కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. లేకపోతే, పాత దస్తావేజులన్నీ ఒక న్యాయవాదికి చూపించిన తర్వాతే బేరం మొదలుపెట్టండి.