మేనల్లుడికి, గేటు రివర్బ్‌ల గురించి

చిన్నా,

ఆశీస్సులు. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్నావని, సంక్రాంతికి టి.నగర్ కల్యాణ మండపంలో మనవాళ్ల కార్యక్రమానికి దాన్నే పెడుతున్నావని అమ్మ చెప్పింది. నువ్వు పంపిన రిహార్సల్ రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. ఆ అమ్మాయి బాగా పాడింది. కానీ పాదం చివరికి వచ్చేసరికి గొంతు టక్కున ఆగిపోతోంది. మృదంగమేమో బావిలోంచి వాయిస్తున్నట్టుంది. మొదటిది గేటు (శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గితే మైకును మూసేసేది) చేసిన పని, రెండోది రివర్బ్ (హాల్లో మోగినట్టు శబ్దానికి తోక తగిలించేది) చేసిన పని. శబ్దం ఎలా ముగియాలో తేల్చేది ఈ రెండే. అందుకే నాబ్ తిప్పేటప్పుడు శబ్దం మొదలయ్యే చోట కాదు, ఆగే చోట చెవి పెట్టు.

ముందు గేటు సంగతి చూడు. థ్రెషోల్డ్, అంటే గేటు తెరుచుకునే స్థాయి, ఎంత అంకె పెట్టాలని అడిగావట. ఆ అంకె నేను చెప్పలేనురా, మైకే చెప్పాలి. గాయనిని కాసేపు ఊరుకోమని, మృదంగం ఒక్కటే గట్టిగా వాయించమను. ఆమె మైకులోకి ఎంత చొరబడుతోందో మీటర్‌లో చూసుకో. మైనస్ 38 డెసిబెల్స్ ఉందనుకుందాం. తర్వాత ఆమెను అన్నిటికన్నా మెల్లగా పాడే చోటు పాడమను. అది మైనస్ 26 దగ్గర ఉంటే, థ్రెషోల్డ్ మైనస్ 33 దగ్గర పెట్టుకోవచ్చు. ఈ రెండు అంకెల మధ్య ఖాళీ లేకపోతే ఆ మైకుకు గేటు పనికిరాదు. మృదంగాన్ని కొంచెం జరుపు, లేదా మైకు నోటికి దగ్గరగా తీసుకురా. అదీ కుదరకపోతే గేటు తీసెయ్. వేదిక మీద స్థలం సర్దాల్సిన పనిని పెట్టెకు అప్పగించకు.

థ్రెషోల్డ్ కన్నా ఎక్కువ చెడగొట్టేది రేంజ్, అంటే గేటు మూసుకున్నప్పుడు శబ్దం ఎంత తగ్గాలన్నది. నీ పెట్టెలో ఫ్యాక్టరీ సెట్టింగ్ మైనస్ 60 ఉంటుందనుకుంటా, అంటే మూసుకుంటే పూర్తిగా నిశ్శబ్దం. గొంతుకు అది వద్దు. 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గితే చాలు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కదా, పాడేవాళ్లు ఆ అచ్చును మెల్లగా వదులుతారు. రిలీజ్, అంటే గేటు మూసుకోవడానికి పట్టే సమయం, 50 మిల్లీసెకన్లు ఉంటే ఆ తోకంతా పోతుంది. 300 దాకా పెంచు, హోల్డ్ (మూసుకోవడం మొదలయ్యే ముందు ఆగే సమయం) ఒక 100 ఇవ్వు. మొదట్లో వచ్చే హ, స, శ లాంటి ఊపిరి శబ్దాలదీ ఇదే బాధ. వాటిలో బలం తక్కువ కాబట్టి గేటు ఆలస్యంగా తెరుచుకుంటుంది. భజన పాటలో 'హరే' అన్నది 'అరే' అయిందంటే ముందు వరుసలో పెద్దవాళ్లు నీ వైపే చూస్తారు. థ్రెషోల్డ్ ఇంకో రెండు మూడు డెసిబెల్స్ దించు, అటాక్ (తెరుచుకోవడానికి పట్టే సమయం) ఒక మిల్లీసెకను దగ్గర ఉంచు.

మృదంగం ఎడమ వైపు పలికే గుంకీ, లోపలి నుంచి సాగే మంద్ర శబ్దం. దాన్ని గేటుతో కోస్తే ఆ వాయిద్యానికి ప్రాణమే ఉండదు. గేటు పెట్టాలనే అనిపిస్తే కుడి వైపు మైకుకు మాత్రం పెట్టుకో. వీణకు వద్దు. తంబురాకు అసలే వద్దు, అది ఆగకుండా మోగడానికే ఉంది. గాయని మైకులో గేటు ఉత్తపుణ్యానికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, మృదంగం ఎడమ వైపు మంద్రమే కారణమై ఉంటుంది. గేటు వినే దారిలో 150 హెర్ట్‌జ్ కింద కోసే ఫిల్టర్ ఉందేమో మెనూలో వెతుకు. అది గొంతును కొయ్యదు, గేటు చెవిని మాత్రమే మారుస్తుంది.

వరుస మరిచిపోకు. గేటు ముందు, రివర్బ్ తర్వాత. తారుమారైతే గేటు రివర్బ్ తోకను కూడా కోసేస్తుంది. కావాలని అలా తారుమారు చేసినవాళ్లూ ఉన్నారు. 1979లో లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌గమ్, డ్రమ్ముల మీద ఫిల్ కాలిన్స్ చేసింది అదే. ఆ దెబ్బతో 80లలో డ్రమ్ములన్నీ అలాగే మోగాయి. డాన్స్ పాటకు అది బాగానే ఉంటుంది, కీర్తనకు పెట్టావంటే నాకు ఫోన్ చెయ్యకు.

ఇక రివర్బ్. మండపంలో గ్రానైట్ నేల, ఉత్త గోడలు. మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో రివర్బ్ పూర్తిగా దించేసి నడి హాల్లో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి విను. ఆ గదికే బోలెడు రివర్బ్ ఉంది, నువ్వు వేసేది దాని మీద అదనం. సాయంత్రం జనం నిండాక అది తగ్గుతుంది, మనుషులూ పట్టుచీరలూ శబ్దాన్ని తాగేస్తాయి. 1895లో హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబీన్ ఒక లెక్చర్ హాల్ ఎందుకు అంతలా మోగుతోందో తేల్చడానికి, పక్క థియేటర్ నుంచి సీటు దిండ్లు రాత్రిళ్లు మోసుకొచ్చి పరుస్తూ, శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతోందో కొలిచాడు. నీ పెట్టెలో డికే టైమ్ అని రాసి ఉన్నది ఆ కొలతే, శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం. కాబట్టి మధ్యాహ్నం కొంచెం తక్కువ అనిపించేలా వదిలెయ్, జనం వచ్చాక సరిపెట్టు.

గొంతుకు ప్లేట్ ప్రోగ్రాం (రేకు మోగినట్టుండే రివర్బ్), డికే 1.2 సెకన్ల లోపు పెట్టుకో. హాల్ ప్రోగ్రాంలో 2.5 సెకన్లు ఇంట్లో హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది, మండపంలో సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు. మృదంగానికి వెయ్యకపోయినా నష్టం లేదు. ప్రీడిలే, అంటే రివర్బ్ మొదలయ్యే ముందు ఆగే సమయం, 25, 30 మిల్లీసెకన్లు ఇస్తే మాట ముందు స్పష్టంగా వచ్చి, వెనక రివర్బ్ లేస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు, మన చెన్నై వేడిలో ఇంకొంచెం ఎక్కువే, వెళ్తుంది. 30 మిల్లీసెకన్లంటే పది మీటర్ల దారి. రివర్బ్‌లో 200 హెర్ట్‌జ్ కింద కోసెయ్, పైన 5 వేల దగ్గర తగ్గించు, లేకపోతే ప్రతి 'స'కీ బుస్సుమంటుంది. మానిటర్లలోకి (పాడేవాళ్ల వైపు తిరిగిన స్పీకర్లలోకి) రివర్బ్ పంపకు, శ్రుతి పట్టుకోవడం కష్టమవుతుంది, హౌలింగ్ (మైకు కూత) కూడా త్వరగా వస్తుంది.

ఆక్స్ సెండ్ (మిక్సర్ నుంచి శబ్దం నకలు పంపే దారి) మీద కలుపుతున్నావు కాబట్టి ప్రాసెసర్‌లో మిక్స్ నూరు శాతం వెట్, అంటే ఎఫెక్ట్ పడిన శబ్దమే, ఉండాలి. డ్రై (ఎఫెక్ట్ పడని శబ్దం) కూడా వెనక్కి వస్తే, డిజిటల్ పెట్టె తీసుకునే ఆ ఒకటి రెండు మిల్లీసెకన్ల ఆలస్యంతో అసలు గొంతు మీద పడి బోలుగా వినిపిస్తుంది. నీ రికార్డింగ్‌లో నాకు అది కూడా అనుమానమే. ఇన్‌పుట్ మీటర్ ఎరుపు దాకా పోనివ్వకు. గేటుకు ఇన్సర్ట్ దారి (శబ్దం మొత్తం పెట్టె గుండా వెళ్లి వచ్చే దారి) కావాలి, ఆక్స్‌లో పెడితే ప్రయోజనం లేదు. నీ మిక్సర్‌లో ఇన్సర్ట్ లేకపోతే గొంతుకు గేటు మాట ఇప్పటికి వదిలెయ్.

అన్నీ కుదిరాక యూజర్ మెమరీలో సేవ్ చేసి, ఒకసారి కరెంటు తీసి మళ్లీ పెట్టి చూడు. పాత పెట్టెల్లో లోపలి బ్యాటరీ అయిపోతే సెట్టింగ్స్ అన్నీ పోతాయి. నిలవకపోతే బ్యాటరీ మార్పించు. ఈలోగా అంకెలన్నీ కాగితం మీద రాసుకో. శనివారం రిహార్సల్‌లో గొంతు మైకు ఒక్కదాన్ని, గేటుతో ఒకసారి, లేకుండా ఒకసారి రికార్డ్ చేసి పంపు.

మామయ్య