ఎస్ఎంహెచ్ అంటే ‘సమ్‌హౌ’ కాదండీ!

ప్రశ్న: ఆఫీసు గ్రూపులో నా మెసేజ్ కింద ఒకరు ‘ఎస్ఎంహెచ్’ అని పెట్టారు. ఇదీ ఓఎంజీ లాంటిదేనా? మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా?

జవాబు: మెచ్చుకున్నట్టు మాత్రం కాదు. ఎస్ఎంహెచ్ అంటే షేకింగ్ మై హెడ్, తల అడ్డంగా ఆడించడం. మన మాటల్లో అయితే “ఖర్మ, ఏం చెప్తాం!”

నేనూ ఇందులో దెబ్బ తిన్నవాణ్ణే. ఓసారి రిపోర్టు పంపమంటే హడావిడిలో పాత నెల ఫైలు పంపాను. అది కాదు అన్నారు. రెండోసారీ అదే పంపాను. మా మేడమ్ దగ్గర్నుంచి “మళ్ళీ అదే ఫైలు. ఎస్ఎంహెచ్” అని వచ్చింది. నేను దాన్ని ‘సమ్‌హౌ’కి పొట్టిరూపం అనుకున్నా. ఎలాగో మళ్ళీ అదే వచ్చింది అంటున్నారు కాబోలు, పాపం నా తప్పు అనుకోవట్లేదు అని సంబరపడి, “అవును మేడమ్, ఒక్కోసారి అలా అవుతుంటుంది” అని రాసి ఓ నవ్వు బొమ్మ కూడా తగిలించాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రం మా మేనకోడలికి చూపిస్తే పడీపడీ నవ్వింది. “మామయ్యా, ఆవిడ తల పట్టుకుంటే నువ్వెళ్ళి భుజం తట్టావు!”

ఓఎంజీ, అంటే ‘ఓ మై గాడ్’, వేరు. అది వార్త చెవిన పడగానే వచ్చే “అయ్యబాబోయ్, నిజమా!” మంచికీ చెడుకీ రెండింటికీ వాడతారు. ఈ కాలం పిల్లల సృష్టి అనుకుంటాం గానీ, 1917లోనే బ్రిటిష్ అడ్మిరల్ జాన్ ఫిషర్ చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. అప్పటికాయనకి 76 ఏళ్ళు! పైగా పక్కనే బ్రాకెట్లో పూర్తి మాట కూడా రాశాడు. మా మేడమ్ కూడా అంత దయ చూపించి ఉంటే బాగుండేది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి మాత్రం అది 2011లో ఎక్కింది.

అంటే ఓఎంజీ నమ్మలేక అనేది. ఎస్ఎంహెచ్ విషయం పూర్తిగా నమ్మి, విసుగొచ్చి అనేది. అందుకే ఎక్కువగా వాక్యం చివర్న, నిట్టూర్పులా వస్తుంది.

“ఇదేం గోల!” అనడానికి వాడే డబ్ల్యూటీఎఫ్ జోలికి ఆఫీసులో పోకండి, అందులో చివరి అక్షరం ఓ బూతుమాటకి గుర్తు. ‘ఎఫ్ఆర్’ అనేది ఫర్ రియల్. పక్కన ప్రశ్న గుర్తు ఉంటే “నిజంగానా?”, లేకపోతే “నిజమే” అని ఒప్పుకోవడం. ఒక్క గుర్తుతో అర్థం తిరగబడుతుంది.

ఇక మీ సంగతి. ఆ మెసేజ్‌లో మీరు ఇంకెవరి నిర్వాకమో చెప్పి ఉంటే ఆ ఎస్ఎంహెచ్ వాళ్ళకి. రాసినవారు మీ పక్షమే. మీ పని గురించే అయితే మాత్రం పంపింది ఓసారి తెరిచి చూసుకోండి. నేనైతే ఆ రాత్రే సరైన ఫైలు పంపాను. “థాంక్యూ” అని వచ్చింది, ఒక్క అక్షరం కూడా మింగకుండా.