బెరుకు కుక్కకు తోటి కుక్కల భయం పోవాలంటే

మీ రెండేళ్ల కుక్క బయట మరో కుక్క కనబడగానే తోక ముడుచుకుని మీ కాళ్ల వెనుక దాక్కుంటుందని, అది దగ్గరికొస్తే గుర్రుమంటుందని రాశారు. అది పొగరు కాదు, భయం. దయచేసి గదమాయించకండి, ఎందుకంటే గుర్రుమనడం మానిపిస్తే ఏ హెచ్చరికా లేకుండా కరిచే ప్రమాదం ఉంది. కుక్కపిల్లలు తోటి జీవులకు సులభంగా అలవాటుపడే దశ సుమారు 3 నుంచి 14 వారాల వయసు వరకే ఉంటుంది గనుక, ఇప్పుడు మార్పు నెమ్మదిగా వస్తుంది.

ముందుగా, ఎంత దూరంలో మరో కుక్క ఉంటే మీ కుక్క నిశ్చింతగా తినగలుగుతుందో గమనించండి. అది 50 మీటర్లైనా సరే, అక్కడే ఆగి, ఆ కుక్క కంటబడిన ప్రతిసారీ మీ కుక్కకు అత్యంత ఇష్టమైన తినుబండారం చిన్న ముక్క పెట్టి, కనుమరుగవగానే ఆపేయండి. మీ కుక్క పెదవులు నాక్కుంటున్నా, పదేపదే ఆవలిస్తున్నా, తిండిని కాదన్నా ఇంకాస్త వెనక్కి జరగాలని అర్థం.

కొన్ని వారాల తర్వాత, నెమ్మదైన ఒక పెద్ద కుక్కతో, ఎదురెదురుగా కాకుండా ఒకే దిశలో, మధ్య తగినంత ఎడం ఉంచి నడిపించండి. పట్టీ బిగిస్తే మీ కంగారు దానికి చేరుతుంది, వదులుగా పట్టుకోండి. తొలి పలకరింపు మూడు సెకన్లు చాలు. కుక్కల పార్కుకు మాత్రం ఇప్పుడే వద్దు. ఈ భయం హఠాత్తుగా మొదలైనదైతే, నొప్పి కూడా కారణం కావచ్చు గనుక, ముందు పశువైద్యునికి చూపించండి.