అచ్చయిన పేపర్‌లో తప్పు దొరికితే

ప్రశ్న: పోయిన ఏడాది మా పేపర్ ఒక జర్నల్‌లో వచ్చింది. థీసిస్ రాస్తూ లెక్కలు సరిచూస్తే, ఎక్సెల్‌లో ఒక్క కాలమ్‌నే సార్ట్ చేయడంతో రీడింగులు వేరే శాంపిళ్ల పక్కకు పోయాయని తెలిసింది. గైడ్‌గారు ‘ఎవరూ చూడరు, వదిలెయ్’ అంటున్నారు. ఏం చేయను?
– పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: చూస్తారండీ. ప్రభుత్వ రుణాల మీద ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన పేపర్‌లో ఎక్సెల్ ఫార్ములా 5 దేశాలను వదిలేసిందని 2013లో పట్టుకున్నది ఒక పీహెచ్‌డీ విద్యార్థే. పైగా మీది దొంగ తప్పు. కాలమ్ సగటు మారదు కాబట్టి కంటికి ఆనదు, కోరిలేషన్లూ (రెండు కొలతల మధ్య సంబంధాలు) గ్రూపుల మధ్య తేడాలూ మాత్రం చెడిపోతాయి.

పాత ఫైల్‌ను ముట్టుకోకండి, అదే మీకు సాక్ష్యం. ల్యాబ్ నోట్‌బుక్‌లోని రీడింగులను కొత్త షీట్‌లోకి ఎక్కించి విశ్లేషణంతా మళ్లీ చేయండి. ఒక్కో టేబుల్‌కీ పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన రాయండి. ముగింపు నిలబడితే కరెక్షన్ నోటు సరిపోతుంది. ముగింపే కూలితే రిట్రాక్షన్, అంటే పేపర్‌ను వెనక్కి తీసుకోవడం, తప్పదు.

ఆ పట్టికను సహరచయితలందరికీ ఈమెయిల్‌లోనే పంపండి, నోటిమాటగా వద్దు. ఆపైన కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) ఎడిటర్‌కు రాయాలి: పేపర్ డీఓఐ (ఆన్‌లైన్‌లో దాని శాశ్వత గుర్తింపు సంఖ్య), తప్పున్న టేబుళ్లు, తప్పు ఎలా జరిగింది, ముగింపు మారుతుందా లేదా. ఆయన రాయనంటే సహరచయితగా మీరే రాయవచ్చు. సరిదిద్దిన పేపర్‌ను గుట్టుగా ఇంకో జర్నల్‌కు పంపడం మాత్రం వద్దు, అది రెండో తప్పవుతుంది.

రిట్రాక్ట్ చేసినంత మాత్రాన పేపర్ మాయమవదు. సాధారణంగా పీడీఎఫ్ మీద ‘రిట్రాక్టెడ్’ ముద్ర పడుతుంది, కారణం చెప్పే నోటీసు విడిగా వస్తుంది. అందులో ‘రచయితలే గుర్తించి తెలియజేశారు’ అనే వాక్యం ఉండేలా అడగండి. మోసానికీ పొరపాటుకీ తేడా చదివేవారికి అక్కడే తెలుస్తుంది. నోబెల్ గ్రహీత ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ అంతటివారే 2020 జనవరిలో తమ ‘సైన్స్’ పేపర్‌ను వెనక్కి తీసుకుని బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

ప్రశ్న: నేను ఉదహరించిన పేపర్ రిట్రాక్ట్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఎం.ఫార్మసీ విద్యార్థిని, వరంగల్

జవాబు: వెనక్కి తీసుకున్న పేపర్ల వివరాలుండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో డీఓఐ కొట్టి చూడండి. 2023లో దాన్ని డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని డేటా మొత్తాన్ని అందరికీ ఉచితం చేసింది. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో వాటిని పెట్టుకుంటే అదే హెచ్చరిస్తుంది. డౌన్‌లోడ్ చేసుకున్న పాత పీడీఎఫ్‌ను నమ్మకండి, దాని మీద ముద్ర ఉండదు. ఆ పేపర్ మీ వాదనకు ఆధారమైతే తీసేయండి. దాని గురించే చర్చిస్తుంటే రిట్రాక్ట్ అయినట్టు రాసి, నోటీసును కూడా ఉదహరించండి.