3 వచ్చినా ‘సాధన లేదు’ ఎందుకంటే

ఎక్స్/(ఎక్స్−3) = 2 + 3/(ఎక్స్−3) సాధిస్తే 3 వచ్చిందని, పుస్తకంలో మాత్రం ‘సాధన లేదు’ అని ఉందని అడిగారు కదండీ. మీ గుణకారంలో తప్పు లేదు. హారంతో రెండు వైపులా గుణిస్తే ఎక్స్ = 2(ఎక్స్−3) + 3, అంటే ఎక్స్ = 3. చాలామంది ఆ 2ను గుణించడం మరిచిపోతారు, మీరు మరవలేదు, సంతోషం.

ఇప్పుడు ఆ 3ను మొదటి సమీకరణంలో పెట్టి చూడండి. హారం 3−3, సున్నా! సున్నాతో భాగించలేం, కాబట్టి 3ను వదిలేయాలి. కడపలో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లల చేత లెక్క మొదలుపెట్టకముందే నోటుపుస్తకం అంచున ‘ఎక్స్ ≠ 3’ అని రాయించి, చుట్టూ గీత గీయిస్తాను.

కుడివైపు లవంలో 3 బదులు 5 పెట్టి చేయండి. ఎక్స్ = 1 వస్తుంది. సరిచూస్తే రెండు వైపులా −1/2, ఇది నిజమైన సాధన.